వ్రాత తప్పిన లెక్క తప్పును

ధవళేశ్వరము బ్యారేజీ వద్ద గోదావరి మట్టమును చూచు ఉద్యోగి తన పుస్తకములో "నీరు బాగా వచ్చినది" అని ఎన్నడును వ్రాయడు. ఏ గంటకు ఎన్ని అడుగులు, ఎన్ని క్యూసెక్కులు అని వ్రాయును. 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75 అడుగులకు రెండవది, 17.75 అడుగులకు మూడవది. ఆ అంకెను నమ్మియే లంక గ్రామముల వారు పిల్లలను ఎత్తుకొని, పశువులను తోలుకొని గట్టెక్కుచున్నారు. 1986 ఆగస్టు వరదలో ధవళేశ్వరము వద్ద 35 లక్షల క్యూసెక్కుల నీరు పారినదని ఈనాటి విద్యార్థికి తెలియుచున్నదన్నచో, ఆనాడు ఎవరో దానిని అంకెలలో వ్రాసియుంచుటయే కారణము. పొలము విషయమునను మన డెల్టావాసులు ఇట్టివారే. పాసుపుస్తకములో సర్వే నెంబరు ఒక్క అంకె తప్పినచో, అది సరియగు వరకు మండల కార్యాలయము చుట్టు తిరుగుదురు. కంటికి నిద్ర ఉండదు.

నీటి విషయమున, నేల విషయమున ఇంత జాగ్రత్త గల మనము, మన తల్లుల దేహమున పుట్టిన వ్యాధిని కాగితముపై వ్రాయుటలో ఎంత అశ్రద్ధ చూపుచున్నామో ఈ వ్యాసమున మనవి చేయదలచినాము.

మేము వైద్యులము కాము. తెలుగు పాఠము చెప్పుకొని జీవించువారము. రొమ్ము క్యాన్సరును గురించి వ్రాయుటకు మీకేమి అధికారమున్నదని విద్యార్థులు అడుగవచ్చును. వ్యాధిని నయము చేయుట వైద్యుల పని. ఐతే ఆ వ్యాధిని ఏ మాటలతో వ్రాసినారు, ఆ మాటలు ఏ అంకెగా మారినవి, ఆ అంకె ఎవరికి చేరినది అను ప్రశ్నలు భాషకు సంబంధించినవి. అంతేకాక ఈ విషయము మా ఇంటి గడప దాటి లోనికి వచ్చినది. కావున వ్రాయుచున్నాము.

మా ఖాలా, అనగా మా తల్లిగారి చెల్లెలు, కోనసీమలోని ఒక గ్రామమున ఉండెడిది. ఏబది యేండ్లు దాటిన తరువాత ఆమెకు ఎడమ రొమ్ములో నొప్పి లేని గడ్డ యొకటి చేతికి తగిలినది. మూడు నెలలు ఎవరితోను చెప్పలేదు. తరువాత దగ్గరి పట్టణములో ఒక ఆసుపత్రికి వెళ్లి, చీటీ వ్రాయు కుర్రవానితో "ఛాతీలో ఏదో గడ్డలాగా ఉంది బాబూ" అన్నది. రొమ్ము అను మాటను పరాయి మగవాని ఎదుట పలుకుటకు ఆమెకు నోరు రాలేదు. ఆ అబ్బాయి చీటీపై "ఛాతీ నొప్పి" అని వ్రాసినాడు. ఆ రెండు మాటలు ఎటు తీసుకొనిపోయిన అటు ఆమె నడిచినది. గుండె పరీక్ష చేసినారు, ఎక్స్‌రే తీసినారు, మందులిచ్చినారు. గుండె బాగున్నదని చెప్పి పంపినారు. రెండు నెలలు గడచినవి. చివరకు కోడలు చూచి, బలవంతముగా రాజమండ్రి తీసుకొనివెళ్లి ఒక లేడీ డాక్టరు గారికి చూపించినది. ముక్క పరీక్షలో క్యాన్సరని తేలినది.

అప్పటినుండి కాగితముల కథ మొదలైనది. ముక్క పరీక్ష రిపోర్టులో "ఎడమ" అని ఉన్నది. ఆసుపత్రిలో చేర్చుకొన్న కాగితములో "కుడి" అని పడినది. ఆధార్ కార్డులో ‘షేక్’ అనునది పేరునకు ముందున్నది. రేషను కార్డులో వెనుకనున్నది. రిపోర్టులో అదే ‘ఎస్.కె.’ అయినది. ఒకచోట ‘బీ’, ఒకచోట ‘బీబీ’, ఇంకొకచోట ‘బేగం’. వయస్సు మూడు కాగితములలో మూడు విధములు. ఉచిత చికిత్సకు పంపిన దరఖాస్తు ఈ కారణములచే తిరిగి వచ్చినది. అన్నియు సరిచేయించి అనుమతి తెచ్చుటకు పదునేడు దినములు పట్టినవి. శస్త్రవైద్యులు స్వయముగా పరీక్షించి, ముక్క పరీక్ష రిపోర్టును మరల చదివినారు గనుక ఎడమ ప్రక్కనే ఆపరేషను జరిగినది. ఆ ఒక్కరి జాగ్రత్తకు మా కుటుంబము ఋణపడియున్నది.

ఇంటికి పంపునపుడు ఇచ్చిన కాగితములో వ్యాధిని గురించి ఉన్నది ఒకే పంక్తి: గడ్డకు ఆపరేషను జరిగినదని. అసలు రిపోర్టు ఏ ఫైలులో ఉండిపోయినదో మేము అడుగలేదు. అడిగి తీసుకొనవలెనని మాకు తెలియదు. ఆమెకు బాధ కలుగునని క్యాన్సరు అను మాటను ఇంటిలో ఎవరమును పలుకలేదు. నాలుగేండ్లు బాగుగనే గడచినవి. తరువాత నడుము నొప్పి వచ్చినది. వేరొక ఊరిలో వేరొక వైద్యునికి చూపినప్పుడు, "ఇదివరకు ఆపరేషను దేనికి జరిగిందమ్మా?" అని ఆయన అడిగినారు. "గడ్డకి" అని ఆమె చెప్పినది. ఆమెకు తెలిసినది అంతే. కాగితములో ఉన్నదియు అంతే. ఎముకల అరుగుదల అని ఆయన మందులు వ్రాసినారు. వ్యాధి వెన్నెముకకు ప్రాకినదని తెలియుటకు మరి అయిదు నెలలు పట్టినది. ఆమె ఇంటివద్దనే కన్నుమూసినది. మరణమును నమోదు చేయించునపుడు కారణము అడిగినారు. మా వారిలో ఎవరో "గుండె ఆగిపోయింది" అని చెప్పినారు. అదియే పుస్తకమున ఎక్కినది.

వ్రాత సరిగా ఉన్నచో ఆమె బ్రతికియుండెడిదని మేము అనలేము. ఐతే మొదట రెండు నెలలు, నడుమ పదునేడు దినములు, చివర అయిదు నెలలు వృథా అగుటకు కారణము వ్రాతయే. అందులో మా పాలు కూడ కలదు. అంతకుమించి, ఈ దేశమున రొమ్ము క్యాన్సరుతో మరణించిన స్త్రీల లెక్కలో మా ఖాలా లేదు. ఆమె గుండె జబ్బుల లెక్కలో ఉన్నది.

కొంతకాలమునకు, రంజాను పండుగ సెలవులలో, మా పూర్వ విద్యార్థిని ఒకతె మా ఇంటికి వచ్చినది. ఇచ్చట బి.ఎస్సీ. ముగించి, హైదరాబాదు అమీర్‌పేటలో మెడికల్ కోడింగు నేర్చుకొని, ఆ నగరముననే ఉద్యోగము చేయుచున్నది. అమెరికా ఆసుపత్రుల ఫైళ్లను చదివి, వైద్యుడు వ్రాసిన ప్రతి రోగమునకు నిర్ణీతమైన కోడు వేయుట ఆమె పని. ఆ కోడును చూచియే అక్కడి బీమా సంస్థ ఆసుపత్రికి సొమ్ము చెల్లించును. మేము ఖాలా కాగితములను ఆమె ముందుంచి, దీనికి ఏ కోడు వేయుదువని అడిగినాము. ఆమె చాలసేపు చదివినది.

"వేయలేను సార్. ఏ ప్రక్కో రెండు కాగితాల్లో రెండు రకాలుగా ఉంది. రొమ్ములో ఏ భాగమో లేదు. జబ్బు ఇప్పుడు ఉందా, నయమైపోయిందా అన్నదీ లేదు."

"మీ ఆఫీసులో ఇటువంటి ఫైలు వస్తే ఏం చేస్తారమ్మా?"

"డాక్టరు గారికి క్వెరీ పంపుతాం సార్. మా అంతట మేము ఊహించి వేయకూడదు. జవాబు వచ్చిందాకా ఆ ఫైలు కదలదు."

"మరి ఇక్కడ?"

"ఇక్కడ అడిగేవాళ్లు ఎవరున్నారు సార్?"

ఆ చివరి మాట మమ్ము చాల దినములు వెంటాడినది. 2015 అక్టోబరు 1 నుండి అమెరికాలో అమలులోనున్న పట్టికలో రొమ్ము క్యాన్సరునకు కుడియో ఎడమయో తెలుపు అంకె కూడ ఉన్నది. తాను ఎన్నడును చూడని ఒక పరదేశపు స్త్రీకి వ్యాధి ఏ ప్రక్కనున్నదో తేల్చనిదే మన గోదావరి పిల్ల ఫైలు మూయదు. ఆమె పుట్టిన ఊరి తల్లుల కాగితములకు మాత్రము ఆపాటి కాపలా లేదు. మన పిల్లలకు తెలివి లేక కాదు, విద్య లేక కాదు. ఆ తెలివిని మన ఇంటి కాగితము మీద వినియోగింపవలెనను తలంపు మనకు కలుగలేదు.

ఈ కోడు అనగా ఏమో విద్యార్థులకు కొంత వివరింపవలసియున్నది. మన గ్రంథాలయమున పుస్తకములకు డ్యూయీ పద్ధతిలో అంకెలు వేయుదురు గదా. తెలుగు సాహిత్యమునకు 894.827 అని వేసినచో, ఏ దేశపు గ్రంథపాలకుడైనను అదేమో గ్రహించును. రోగములకును ఇట్టి అంకెలు కలవు. 1893లో షికాగోలో జరిగిన అంతర్జాతీయ గణాంక సంస్థ సమావేశమున ఫ్రాన్సు దేశీయుడగు జాక్ బెర్టిల్లాన్ మరణ కారణముల వర్గీకరణ నొకదానిని సమర్పించినాడు. 1948లో వెలువడిన ఆరవ సవరణ నుండి ప్రపంచ ఆరోగ్య సంస్థ దాని బాధ్యతను వహించినది; మరణములతోపాటు రోగములును అందు చేరినవి. 1990లో ఆమోదము పొందిన పదవ సవరణకే ఐ.సి.డి.-10 అని పేరు. పదునొకండవది 2022 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చినను, మన పిల్లలు ఉద్యోగములకై నేర్చుచున్నది పదవ దానినే.

ఈ పట్టికలో రొమ్ము క్యాన్సరునకు సి-50 అని గుర్తు. దాని తరువాతి అంకె స్థానమును తెలుపును. చనుమొనకు 0, మధ్యభాగమునకు 1, పైన లోపలి పావుభాగమునకు 2, క్రింద లోపలి దానికి 3, పైన వెలుపలి దానికి 4, క్రింద వెలుపలి దానికి 5, చంక వైపు సాగిన కొసకు 6. ఒకటికి మించిన భాగములను కలిసియున్నచో 8. ఏ భాగమో వ్రాయబడనిచో 9. ఈ 9 రోగమును గురించి చెప్పునది ఏమియు లేదు. వ్రాసినవాని మౌనమునే తెలుపును. రొమ్ము క్యాన్సరు ఎక్కువగా పైన వెలుపలి భాగముననే పుట్టునని వైద్యశాస్త్రము చెప్పగలుగుటకు, 9 వేసి ఊరకొనక 4 అని ఓపికగా వ్రాసినవారు లోకమున ఉండుటయే కారణము.

వ్యాధి పాలనాళములు దాటక లోపలనే ఉన్న తొలి స్థితికి డి-05 అని వేరు గుర్తు. ప్రమాదము లేని గడ్డకు డి-24. ఇంకను ఏమో తేలని గడ్డకు ఎన్-63. రొమ్ములో తగులు గడ్డలలో పెక్కు క్యాన్సరు కానే కావు. అట్టి గడ్డ కల ఒక పడుచుపిల్ల కాగితమున తొందరపడి సి-50 అని వ్రాసినచో ఆ పిల్ల బ్రతుకు ఏమగునో ఊహించుడు. అందువలననే అమెరికా కోడింగు నియమములలో, బయటి రోగుల విభాగమున "అనుమానము" అని వ్రాసిన రోగమును నిర్ధారణ అయినట్లు కోడు చేయరాదని ఉన్నది. లేనిదానిని వ్రాయకుండుట, ఉన్నదానిని వ్రాయుట — రెండును సత్యమునకు సంబంధించినవే.

చికిత్స ముగిసి వ్యాధి లేనివారికి జెడ్-85.3 అని వేరొక గుర్తు. పూర్వము రొమ్ము క్యాన్సరు ఉండెడిదని దాని అర్థము. ఆపరేషను జరిగినను, వ్యాధి నిమిత్తమై ఇంకను టమాక్సిఫెన్ వంటి మాత్రలు వాడుచున్న స్త్రీని ఈ వరుసలో చేర్చరాదు. ఆమెకు చికిత్స జరుగుచునే ఉన్నది. వ్యాధి ఎముకకు ప్రాకినచో అది ఎముకలో పుట్టిన క్యాన్సరు కాదు. రొమ్మున పుట్టి ఎముకకు చేరినదని, సి-79.5 అని వ్రాయుదురు. మా ఖాలా కాగితములో జెడ్-85.3 అను ఒక్క గుర్తు ఉన్నను, నడుము నొప్పికి మందిచ్చిన వైద్యుడు ఒక్క క్షణము ఆగి ఆలోచించియుండెడివారు.

ఐతే కోడు వేయువాడు వైద్యుడు వ్రాసినదానినే కోడు చేయగలడు. మూలము సరిగా లేనిచో అనువాదము ఎట్లు సరిగానుండును? భాషాబోధకులమైన మాకు ఇది బాగుగా తెలిసిన సంగతి. కావున ప్రతి రోగి కాగితమున ఉండవలసినవి ఏవో చదువుకొన్నవారందరు తెలిసికొనవలెను. ఏ ప్రక్క, ఏ భాగము, ముక్క పరీక్ష జరిగిన తేదీ, అందు తేలిన క్యాన్సరు రకము, గడ్డ కొలత, చంకలోని గ్రంథులు ఎన్ని తీసి చూచినారు, వానిలో ఎన్నింటికి వ్యాధి తగిలినది, ఏ దశ, ఇ.ఆర్., పి.ఆర్., హెర్-2 అను మూడు పరీక్షల ఫలితములు. ఈ కడపటి మూడును అలంకారమునకు వ్రాయునవి కావు. మొదటి రెండింటిని బట్టి హార్మోను మాత్రలు పనిచేయునో లేదో, మూడవదానిని బట్టి ట్రాస్టుజుమాబ్ అను మందు తగునో లేదో నిర్ణయింతురు. ఆ పేజీ పోయినచో పరీక్ష మరల చేయించవలెను. డబ్బు మరల కట్టవలెను. దినములు మరల పోవును.

ఇక మాటల సంగతి. రొమ్ము అనుటకు మన స్త్రీలు సిగ్గుపడి ఛాతీ అందురు. ఉర్దూ మాటలాడు ఇండ్లలో సీనా అందురు. తెలుగు ఇంటనైనను, ఉర్దూ ఇంటనైనను సిగ్గు ఒక్కటే. ఆ సిగ్గును మేము పరిహసింపము. అది తరతరముల మర్యాద. కాని ఆ మర్యాద కాగితము మీదికి ఎక్కినప్పుడు ఏమగుచున్నది? ఛాతీ నొప్పి అన్నచో ఆర్-07 అను వర్గము. మొండెముపై గడ్డ అన్నచో ఆర్-22.2, రొమ్ములో గడ్డ అన్నచో ఎన్-63. ఒక్క మాట మారుటతో రోగి ఒక గది నుండి మరొక గదికి, ఒక డాక్టరు నుండి మరొక డాక్టరునకు మారిపోవుచున్నది. ఆసుపత్రులలో చీటీ వ్రాయుచోట ఒక స్త్రీ కూర్చుండి, "ఎక్కడమ్మా? రొమ్ములోనా? ఏ ప్రక్క?" అని మెల్లగా అడిగినచో ఈ చిక్కు సగము తీరును. దీనికి పెద్ద యంత్రములు అక్కరలేదు. ఒక కుర్చీ చాలును.

సిగ్గు వలన కారణము మారుట లోకమున క్రొత్త కాదు. 1662లో లండను వర్తకుడగు జాన్ గ్రాంట్ ఆ నగరపు మరణముల జాబితాలను పరిశీలించి ఒక గ్రంథము ప్రకటించినాడు. శవములను చూచి కారణము చెప్పుటకు నియమింపబడిన ముసలి స్త్రీలు, కొంత సొమ్మునకును ఒక పాత్ర మద్యమునకును ఆశపడి, అపకీర్తి కలిగించు సుఖరోగమును దాచి వేరు కారణము చెప్పుచున్నారని ఆయన గ్రహించినాడు. మా ఇంటిలో ఎవరును లంచము తీసుకొనలేదు. ఐనను జరిగినది అదియే.

లెక్క తప్పినచో ఎవరికి నష్టమని కొందరు అడుగవచ్చును. 2022 సంవత్సరమునకు అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ వేసిన అంచనాలో, భారతదేశమున క్రొత్తగా రొమ్ము క్యాన్సరు వచ్చిన స్త్రీలు 1 లక్షా 92 వేలు. మరణించినవారు 98 వేలు. ఇది అంచనా మాత్రమే. మనిషి మనిషిని లెక్కించి చెప్పినది కాదు. 1963లో బొంబాయిలో మొదటి క్యాన్సరు రిజిస్ట్రీ ఏర్పడినది. 1981లో భారత వైద్య పరిశోధన మండలి జాతీయ కార్యక్రమమును ప్రారంభించినది. ఐనను 2020లో ప్రకటించిన నివేదిక నాటికి ఈ రిజిస్ట్రీలు కవచముగా నున్నది దేశ జనాభాలో సుమారు పదవ వంతునకే. ఆ నివేదికలో హైదరాబాదు జిల్లాకు లక్ష మంది స్త్రీలకు 48 అను రేటు కనబడుచున్నది. అక్కడ లెక్కించినారు గనుక అంకె ఉన్నది. అంకె ఉన్నచోటనే యంత్రము అడుగవచ్చును, వైద్యుని అడుగవచ్చును, పడకలు అడుగవచ్చును. మరణముల సంగతి ఇంకను శోచనీయము. 2020లో దేశమున నమోదైన మరణములలో వైద్యుడు కారణమును ధ్రువీకరించినవి నూటికి సుమారు 22 మాత్రమే.

మన జిల్లాలకు మరియొక చిక్కు కలదు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారినవి. అంతకుముందు తూర్పు గోదావరి అని వ్రాసిన అమలాపురము స్త్రీ నేడు కోనసీమ జిల్లావాసి; కాకినాడ స్త్రీది కాకినాడ జిల్లా; ఏలూరు వేరు, భీమవరము వేరు. చిరునామాలో జిల్లా పేరొక్కటియే వ్రాసి గ్రామమును వదలినచో, పాత లెక్కను క్రొత్త లెక్కతో పోల్చుట ఎట్లు? గ్రామము పేరు, మండలము పేరు వ్రాయుట ఎప్పటికిని క్షేమము.

ఇందుకు ఒక ఆక్షేపణ కలదు, అది న్యాయమైనదే. పెద్దాసుపత్రిలో ఉదయము నుండి వందలాది రోగులను చూచు వైద్యుడు ఇన్ని వివరములు ఎప్పుడు వ్రాయును? వ్రాయుచు కూర్చున్నచో రోగిని ఎప్పుడు చూచును? వైద్యుల శ్రమను మేము తక్కువ చేయము. ఐతే ఈ వివరములలో ఏదియు వైద్యునికి తెలియనిది కాదు. ఆయన చూచి, కొలిచి, తెలిసికొన్నదే. మనస్సులో ఉన్న ఆ జ్ఞానమును పది గడుల అచ్చు కాగితముపై నింపుటకు అయిదు నిమిషములు చాలును. అది కూడ కష్టమైనచో, వైద్యుడు చెప్పగా వ్రాయుటకు శిక్షణ పొందిన యువతీయువకులు మన జిల్లాలలోనే పుట్టి పెరుగుచున్నారు. వారిని అమెరికా పిలిచినది; మన ఆసుపత్రులు పిలువవలదా?

రెండవ ఆక్షేపణ ఇండ్లలో వినబడునది. తల్లికి క్యాన్సరని కాగితమున వ్రాసినచో కూతురి పెండ్లి ఆగిపోవునని భయము. ఈ భయమును కూడ మేము ఎరుగుదుము. సరిగా వ్రాయుట వేరు, వీధిలో చాటుట వేరు. రోగి కాగితము రోగిది. దానిని చూచు హక్కు చికిత్స చేయువారిదే. కాని కూతురి నుండియే దానిని దాచుట అన్యాయము. కుటుంబమున ఈ వ్యాధి ఉన్నదని తెలుపుటకు జెడ్-80.3 అను గుర్తు ఉన్నది. తల్లికో, మేనత్తకో, పిన్నమ్మకో ఈ వ్యాధి ఉండెడిదని తెలిసిన పిల్ల ముందుగా పరీక్ష చేయించుకొని బ్రతుకును. తెలియని పిల్ల మరల "ఛాతీలో గడ్డ" అని మొదలుపెట్టును.

ఈ సందర్భమున మన గోదావరి బిడ్డ నొకనిని స్మరింపకుండ ఉండలేము. 1895లో భీమవరమున జన్మించి, రాజమండ్రిలో చదివి, అమెరికా చేరిన యల్లాప్రగడ సుబ్బారావు గారి పర్యవేక్షణలో లెడర్లె సంస్థలో మెథోట్రెక్సేట్ అను మందు పుట్టినది. 1976లో ఇటలీ వైద్యుడు బొనడొన్నా, ఆ మందుతో పాటు మరి రెండు మందులను కలిపి ఇచ్చుట రొమ్ము క్యాన్సరునకు మేలు చేయుచున్నదని ప్రకటించినాడు. చంక గ్రంథులకు వ్యాధి తగిలిన స్త్రీలపై జరిగిన పరీక్ష అది. ఏ స్త్రీకి ఎన్ని గ్రంథులకు తగిలినదో లెక్కించి వ్రాసినారు గనుకనే మందు గుణము బయటపడినది. మందును మన గోదావరివాడు ఇచ్చినాడు. దాని విలువను నిర్ణయించినది వ్రాత. మందు ఎంత గొప్పదైనను వ్రాత లేనిచో అది గ్రుడ్డివాని చేతి దీపమే.

కళాశాల కమిటీ పెద్దలకు నాలుగు మనవులు చేయుచున్నాము.

మొదటిది: మన ఇల్లు మనము చక్కబెట్టుకొనుట. విద్యార్థినుల పేర్లు మన ప్రవేశ పుస్తకములో ఒక విధముగా, మార్కుల పత్రములో మరియొక విధముగా ఉన్నవి. ‘షేక్’, ‘ఎస్.కె.’, ‘బేగం’, ‘బీ’ అను చిక్కు మన గుమాస్తా బల్ల వద్దనే మొదలగుచున్నది. ప్రవేశ సమయమున ఆధార్‌తో పోల్చి ఒకే వర్ణక్రమమును ఖాయపరచవలెను.

రెండవది: రోగి దగ్గర ఉంచుకొనుటకు తెలుగు, ఉర్దూ రెండు లిపులలో ఒక పుట కాగితమును అచ్చువేయించవలెను. పైన చెప్పిన వివరములన్నిటికి అందు గడులుండవలెను. వైద్యుల సలహాతో మా భాషా శాఖలు రెండును కలిసి దానిని సిద్ధపరచగలవు. జాతీయ సేవా పథకపు విద్యార్థులు ఇంటింటికి పంచగలరు.

మూడవది: ప్రతి సంవత్సరము ఒక లేడీ డాక్టరు గారిని ఆహ్వానించి, విద్యార్థినులతోపాటు వారి తల్లులకును ప్రసంగము ఏర్పాటు చేయవలెను. రొమ్ము అను మాటను ఆ హాలులో సిగ్గు లేక పలుకుట నేర్పినను చాలును.

నాలుగవది: బి.ఎస్సీ. విద్యార్థులకు మెడికల్ కోడింగు, రోగి రికార్డుల నిర్వహణ అను ఒక చిన్న సర్టిఫికెట్ కోర్సు పెట్టవలెను. అమీర్‌పేట ఖర్చులు భరింపలేని పేదపిల్లలకు అది జీవనాధారమగును. దానితో పాటు, మన ఊరి ఆసుపత్రి కాగితమును చదువగలవారు మన ఊరిలోనే కొందరు తయారగుదురు.

మరణముల నమోదు విషయమున అందరు తెలిసికొనవలసినది మరొకటి కలదు. 1969 నాటి జనన మరణ నమోదు చట్టమునకు 2023లో జరిగిన సవరణ ప్రకారము, ఆసుపత్రిలో మరణము సంభవించినచో కారణము తెలుపు ధ్రువపత్రము యొక్క ప్రతిని దగ్గరి బంధువునకు ఉచితముగా ఇయ్యవలెను. దానిని అడిగి తీసుకొనుడు. గుండె ఆగుట ప్రతి మరణమునందును జరుగునదే. అది ఏ వ్యాధి వలన ఆగినదో వ్రాయించుడు. ఇంటివద్ద మరణించినవారికి, చికిత్స చేసిన వైద్యునితో ఆ మాట చెప్పించుడు. పోయినవారికి మనము చేయగల చివరి న్యాయము అది.

విద్యార్థులారా! మీ ఇండ్లలో దుప్పట్ల క్రింద, ఇనుప పెట్టెలో, గోడకు తగిలించిన ప్లాస్టిక్ సంచిలో ఆసుపత్రి కాగితములు ఉండియే ఉండును. మీ అమ్మ, నానమ్మ, అమ్మమ్మ, ఖాలా — వారికి ఆంగ్లము రాదు, మీకు వచ్చును. ఈ సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు వానిని బయటకు తీసి, తేదీల వరుసను పేర్చి, ఒక్కొక్కటి చదువుడు. పేరు సరిగా ఉన్నదా? ఏ ప్రక్కయో ఉన్నదా? రిపోర్టు పూర్తిగా ఉన్నదా? లేనిచో మరుసటి పర్యాయము మీరును వెంట వెళ్లి, వైద్యుని వినయముగా అడుగుడు. అడిగేవాళ్లు ఎవరున్నారని మా విద్యార్థిని వేసిన ప్రశ్నకు మాకు తోచిన జవాబు మీరే.